అరకిలో లినెన్ నూలు: పేకకు భేష్, పడుగుకు గంజి తప్పదు

లండన్ పీట్రీ మ్యూజియంలో టార్ఖాన్ చొక్కా చూసొచ్చినప్పటి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. ఈజిప్టు లినెన్, అయిదు వేల ఏళ్ల పైమాటే. 1913లో తవ్వకాల్లో తెచ్చిన మురికి గుడ్డల్లో కలిసిపోయి, 1977లో వాటిని శుభ్రం చేస్తుంటే బయటపడిందట. భుజాల మీద, చేతుల మీద సన్నని కుచ్చిళ్లు. మోచేతుల దగ్గర తొడిగి తొడిగి పడిన ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి. భుజం ముక్కకు సరిపడా బట్టైనా నేద్దామని ఆన్‌లైన్‌లో అరకిలో కోను తెప్పించాను. 16 నంబరు (పోగు సన్నదనానికి కొలత) ఒంటి పోగు, ధర 28 పౌండ్లు. షాపు పేరు చెప్పను, వాళ్లతో పంచాయితీ ఇంకా తేలలేదు.

నూలు రంగు మాత్రం ఎంత బాగుందో! ఎండుగడ్డి మీద బూడిద చల్లినట్టు. సెంటీమీటరుకు పది పోగుల చొప్పున నాలుగొందల పోగులు పడుగు (మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు) పోశాను. (అసలు చొక్కాలో 22, 23 ఉన్నాయి. నా కళ్లకు అంత ఓపిక లేదు.) మొదటి సాయంత్రమే పదకొండు పోగులు తెగాయి. లినెన్ పోగు పత్తి నూలులా సాగదు. కొంచెం బిగిస్తే పుటుక్కున తెగుతుంది, వదులు చేస్తే వేలాడుతుంది. టెన్షన్ పోగుకా నాకా అర్థం కాలేదు.

మంగళగిరికి ఫోన్ చేస్తే నాన్న నవ్వాడు. "మన మగ్గం గుంటలో ఎందుకుంటదనుకున్నావ్? చెమ్మ కోసం. హీటరేసిన గదిలో ఎండు పోగు తెగక ఏం చేస్తదమ్మా? ముందు గంజి పెట్టు."

అరలీటరు నీళ్లలో రెండు చెంచాల అవిసె గింజలు మరిగించాను. మన పెరట్లో పూలు పూసే అవిసె చెట్టు కాదు, లినెన్ నార ఇచ్చే మొక్క గింజలే. కోడిగుడ్డు తెల్లసొనలా జిగురొస్తుంది. వేడి మీదే వడగట్టాలి, చల్లారితే జల్లెడలోంచి దిగదు. బ్రష్‌తో పడుగుకు పూసి ఆరనిచ్చి నేశాను. మిగతా మీటరులో తెగినవి రెండే.

ఆ రెండూ నా తప్పు కాదు. కోను లోపల ఏడు ముడులున్నాయి, అందులో రెండు పడుగులోకొచ్చి అచ్చులో (పోగుల్ని విడివిడిగా ఉంచే దువ్వెనలో) ఇరుక్కున్నాయి. ఫొటోలు పంపితే వారానికి జవాబొచ్చింది: తర్వాతి ఆర్డరుకు పది శాతం తగ్గిస్తారట. తర్వాతి ఆర్డరు ఎవరిస్తారు?

మగ్గం మీంచి దించినప్పుడు బట్ట అట్టముక్కలా ఉంది. వేడినీళ్లలో ఉతికితే 38 సెంటీమీటర్ల పన్నా 35కి వచ్చింది. తడి ఆరకముందే అప్పడాల కర్రతో గట్టిగా రుద్దాను, మెరుపు తేలింది. కుచ్చి పెడితే నిలబడింది కూడా.

మూడు స్టార్లు. పేక (అడ్డంగా నేసే పోగు) కోసమైతే నిశ్చింతగా కొనండి. పడుగుకు రెండు పోగులు పేనినది తీసుకోండి, నేనైతే అదీ వేరే చోట కొంటాను.