ఆరేళ్ళుగా కాలి కట్ల కోడ్లు వాడుతున్నా, క్యూ4029 నుంచి క్యూ4048 దాకా నా రివ్యూ

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆర్థో (ఎముకల) క్లినిక్‌ల చార్టులు కోడింగ్ చేయబట్టి ఆరేళ్ళు దాటింది, అంటే డాక్టర్ రాసిన నోట్ చదివి బిల్లు కోసం కోడ్లు వేయడం. నా చేతిలో ఎక్కువ నలిగినవి కాలికి వేసే పిండికట్ల సామాను కోడ్లే, హిక్‌పిక్స్‌లో (HCPCS, అమెరికా వైద్య బిల్లుల కోడ్ల జాబితా) క్యూ4029 నుంచి క్యూ4048 దాకా ఉండే ఇరవై.

ముందు మంచి చెప్తా. ఇవి 2001 జులైలో వచ్చాయి, పాత కోడ్లు చూస్తే ప్లాస్టర్‌కి ఏ4580, ఫైబర్‌గ్లాస్ లాంటివాటికి ఏ4590, అంతే, తొడ నుంచి పాదం దాకా వేసినా మణికట్టుకి వేసినా కోడ్ అదే. క్యూ కోడ్లు నాలుగు ప్రశ్నలు అడుగుతాయి: లాంగ్ లెగ్గా షార్ట్ లెగ్గా, క్యాస్టా స్ప్లింటా, పదేళ్ళ వరకా పదకొండు నిండాయా, ప్లాస్టరా ఫైబర్‌గ్లాసా. పెద్దవాళ్ళ షార్ట్ లెగ్ క్యాస్ట్ ప్లాస్టర్‌తో అయితే 4037, ఫైబర్‌గ్లాస్ అయితే 4038, పిల్లలకి అదే వరసలో 4039, 4040. మిగతా గ్రూపులన్నీ ఇదే వరస, ఒకసారి పట్టుబడితే మళ్ళీ పుస్తకం తీయక్కర్లేదు.

నాకు మొదట్లో తికమక అయింది స్ప్లింట్ దగ్గర. మన ఆసుపత్రుల్లో స్లాబ్ అంటారు కదా, ఒకవైపు పిండికట్టు పెట్టి పైన క్రేప్ బ్యాండేజ్ చుడతారు, వాపు ఉన్నప్పుడు కాలికి చోటు ఉండాలని, అమెరికా చార్టులో స్ప్లింట్ అంటే అదే. చుట్టూ మూసేస్తే క్యాస్ట్. సిలిండర్ క్యాస్ట్ కూడా చూసుకోవాలి, అది తొడ నుంచి చీలమండ దాకానే, పాదం బయటే ఉంటుంది, పెద్దవాళ్ళకి ఫైబర్‌గ్లాస్ అయితే 4034, లాంగ్ లెగ్ అనుకుని 4030 వేస్తే తప్పు.

కొత్తగా చేరినవాళ్ళు డబ్బు పోగొట్టేది ఇక్కడే, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. ఫ్రాక్చర్ కేర్ కోడ్, అంటే విరిగిన ఎముక వైద్యం మొత్తానికి వేసే కోడ్, వేస్తే మొదటి కట్టు వేసిన పని అందులోనే కలిసిపోతుంది, అందుకని షార్ట్ లెగ్ క్యాస్ట్ వేసిన పనికి ఉండే కోడ్ 29405 విడిగా వేయకూడదు, అది అందరికీ తెలుసు, కానీ పని కలిసిపోయింది కాబట్టి సామాను కూడా కలిసిపోయిందనుకుని క్యూ కోడ్ వదిలేస్తారు. డాక్టర్ ఆఫీసులో వేసిన కట్టుకి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) సామాను డబ్బు విడిగా ఇస్తుంది. నేనూ మొదటి మూడు నెలలు అలాగే వదిలేశా, మా ఆడిటర్ పాత చార్టులు ముందేసుకుని ఒక్కొక్కటీ చూపించింది. ఇంకోటి, ఎన్ని రోల్స్ వాడారో అన్ని యూనిట్లు వేస్తారు కొందరు, ఒక కట్టుకి ఒక్కటే యూనిట్.

వయసు సంగతికి ఒక కేస్ చెప్తా. ఒక బాబుకి పదేళ్ళు, షార్ట్ లెగ్ ఫైబర్‌గ్లాస్, 4040 వేశా. మూడు వారాలకి కట్టు వదులైతే మార్చారు, మధ్యలో పుట్టినరోజు వచ్చి పదకొండు నిండాయి, రెండోసారి 4038. అదే కాలు, అదే డాక్టరు, కోడ్ మారింది. కట్టు వేసిన రోజుకి వయసెంత అన్నదే లెక్క, పాత విజిట్ చూసి కాపీ చేస్తే క్లెయిమ్ వెనక్కొస్తుంది.

ఇక నాకు నచ్చనివి. కోడ్ మొత్తం మెటీరియల్ మీద ఆధారపడింది, చార్టులో సగంసార్లు అదే ఉండదు, "షార్ట్ లెగ్ క్యాస్ట్ వేశాం" అని రాసి వదిలేస్తారు, మనం ఊహించి 4038 వేయకూడదు, డాక్టర్‌ని అడుగుతూ క్వెరీ పెట్టాలి, ఎదురుచూడాలి, ఆ రోజు టార్గెట్ పోయినట్టే. కొన్ని ప్రైవేట్ పేయర్లు, అంటే బీమా కంపెనీలు, ఇప్పటికీ పాత ఏ4580, ఏ4590 కోడ్లే అడుగుతాయి, ఒకే కట్టుకి రెండు లెక్కలు గుర్తుపెట్టుకోవాలి. కట్టు బదులు తొడిగే వాకింగ్ బూట్ అయితే అసలు ఈ ఇరవైలో వెతకొద్దు, రెడీమేడ్ గాలి బూట్‌కి ఎల్4361, గాలి లేనిదానికి ఎల్4387.

పోయినేడాది ఒక క్లినిక్ వాళ్ళని బతిమాలి నోట్ టెంప్లేట్‌లో మెటీరియల్‌కి ఒక గడి పెట్టించాం, ప్లాస్టర్ లేదా ఫైబర్‌గ్లాస్ టిక్ చేయకపోతే నోట్ సైన్ అవదు. ఆ క్లినిక్ చార్టులకి కట్టు గురించి క్వెరీ పెట్టి నాకు నెలలు అయింది, మిగతా క్లినిక్‌లకి ఈ రోజు కూడా నాలుగు పెట్టా.