ఎగ్జాజరేట్, ఓవర్‌స్టేట్: ఎక్కడ ఏది మేలు?

మూడేళ్ల కిందట ఒక క్లయింటుకు మెయిల్ రాయాల్సి వచ్చింది. వాళ్ల రిపోర్టులో మిగిలే సొమ్మును ఉన్నదానికన్నా ఎక్కువ చూపించారు. ‘యువర్ టీమ్ హ్యాజ్ ఎగ్జాజరేటెడ్ ద సేవింగ్స్’ అని రాసి పంపేశాను. గంటలో అవతలి మేనేజరుగారి ఫోన్. “అంటే మేం అబద్ధాలు చెప్పామంటారా?” ఆయన గొంతులో బాధ వినబడింది. లెక్క తప్పని చెప్పబోయి మనుషుల్ని తప్పుపట్టానని అప్పటికి గానీ తెలియలేదు. ‘ద రిపోర్ట్ ఓవర్‌స్టేట్స్ ద సేవింగ్స్’ అని ఉంటే మాట లెక్క దగ్గరే ఆగేది.

డిక్షనరీలో చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. తేడా ఎవరి మీదికి వేలు చూపిస్తున్నాం అన్నదాంట్లో ఉంది.

ఎగ్జాజరేట్‌కు మూలమైన లాటిన్ మాట ‘అగ్గెర్’ అంటే మట్టికుప్ప, కట్ట. దాన్నుంచి పుట్టిన క్రియకు పోగుపోయడం అని అర్థం. గోరంతను కొండంత చేయడం అని మనం అంటామే, అదే బొమ్మ! కొండ తనంతట తాను పెరగదు, ఎవరో మట్టి తెచ్చి పోయాలి. అందుకే ఈ మాట వినగానే చెప్పినవాళ్ల ఉద్దేశం మీదికి అనుమానం పోతుంది. చనువున్న చోట ఇబ్బంది లేదు. ‘నిన్న వెయ్యిసార్లు ఫోన్ చేశా’ అన్న స్నేహితురాలితో ‘డోంట్ ఎగ్జాజరేట్’ అని నవ్వుతూ అనొచ్చు. అక్కడ ఓవర్‌స్టేట్ పెడితే అతకదు, దానికి ‘దేన్ని’ అన్నది కూడా చెప్పాలి. (స్పెల్లింగ్‌లో రెండు జీలున్నా పలికేది ‘జ’నే. ‘ఎగ్జాగరేట్’ అనడం చాలాచోట్ల వింటుంటాను.)

కంటికి కనబడేవాటికి కూడా ఎగ్జాజరేటే సరైనది. కూచిపూడి నర్తకి కాటుకను కంటి కొస దాటించి చెవి వైపు లాగి దిద్దుకుంటుంది, చివరి వరసలో కూర్చున్నవాళ్లకూ ఆ చూపు అందాలని. కళ్లను అలా ఎగ్జాజరేట్ చేయడంలో తప్పేమీ లేదు, అది కళ. కళ్లను ఓవర్‌స్టేట్ చేయడం అంటే అర్థమే ఉండదు.

అంకెల దగ్గర మాత్రం నేను ఓవర్‌స్టేట్ వైపే. అకౌంట్స్ వాళ్లు వాడేది అదే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, రావలసిన బాకీలను 490 కోట్లు ఎక్కువ చూపించామన్న చోట ఉన్న మాట ‘ఓవర్‌స్టేటెడ్’. 1,230 కోట్ల అప్పును తక్కువ చూపించిన చోట ‘అండర్‌స్టేటెడ్’. అంత పెద్ద మోసం ఒప్పుకుంటున్న లేఖలో కూడా ఆ మాటలు పుస్తకాల్లోని అంకె ఎటు తప్పిందో మాత్రమే చెప్తాయి. ఎందుకు తప్పిందన్నది వేరే వాక్యంలో చెప్పుకోవాలి.

ఎంబెలిష్ అని మూడోది ఒకటుంది. జరిగిన కథకు చిలవలు పలవలు చేర్చి అందంగా చెప్పడం. రెజ్యూమెలో చేయని పని చేర్చినవాళ్ల గురించి చెప్పాలంటే ఇది వాడండి.

ఓవర్‌స్టేట్‌తో చిక్కు ఒక్కచోటే. మనం ‘ఎంత చెప్పినా తక్కువే’ అంటాం కదా, దానికి ఇంగ్లీషులో చక్కగా సరిపోయేది ‘కెనాట్ బి ఓవర్‌స్టేటెడ్’. తొందరలో చాలామంది ‘అండర్‌స్టేటెడ్’ అని రాసేస్తారు. రిటైరవుతున్న టీచరమ్మ సేవ గురించి అలా రాశామా, ఆమె చేసింది ఎంత తగ్గించి చెప్పినా ఎక్కువే అన్న అర్థం వస్తుంది. సన్మానపత్రం ప్రింటుకు ఇచ్చేముందు ఆ ఒక్క మాట మళ్లీ చూసుకోండి.