మా యార్డుకే వచ్చి ఫోర్క్ లోడర్ ట్రైనింగ్ ఇచ్చారు, నా రివ్యూ

చెన్నై దగ్గర ఒరగడం సైడు పాత బండ్ల యార్డులో సూపర్‌వైజర్‌ని నేను. యాక్సిడెంట్ బళ్ళు, తుక్కుకి పోయే బళ్ళు వస్తాయి, రోజంతా అటూ ఇటూ మార్చడమే, బకెట్ తీసేసి ఫోర్కులు (కారు కిందకి దూర్చి ఎత్తే రెండు పొడవాటి ఇనుప చేతులు) తగిలించిన లోడర్‌తోనే పనంతా. పోయిన నెల మలుపు తిప్పుతుంటే ఒక కారు ఫోర్కుల మీంచి జారిపోయింది, ఊగకుండా చేత్తో పట్టుకుని పక్కనే నడుస్తున్న మా శ్రీకాకుళం కుర్రాడు వెనక్కి దూకాడు కాబట్టి బతికాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఓనర్‌గారితో మాట్లాడి ట్రైనింగ్ వాళ్ళని పిలిపించాం, రెండు రోజుల కోర్సు.

పెట్టిన డబ్బులకి న్యాయం జరిగింది. వచ్చినాయన స్లైడ్లు పెట్టలేదు, నేరుగా మెషిన్ దగ్గరికెళ్ళి, ఎంత బరువు మోయగలదో రాసి ఉన్న ప్లేట్ చదవమన్నాడు. ఎన్ని టన్నులో అందరం చెప్పాం, ఆ బరువు ఫోర్కు మీద ఎంత దూరంలో ఉంటే అన్నది ఎవరికీ తెలీదు. ఫోర్కు వంగే మూల నుంచి 500 మి.మీ. దూరంలో బరువు ఉంటేనే ఆ లెక్కంట, కారుని పక్క నుంచి ఎత్తితే దాని బరువు మధ్య భాగం దాదాపు 80 సెం.మీ. దూరంలో ఉంటుంది, అదే ముందు నుంచి దూర్చి ఎత్తితే రెండు మీటర్లకి దగ్గరగా పోతుంది, ఎలా ఎత్తినా ప్లేట్ మీద ఉన్నంత బరువు మోయదు, ముందు నుంచైతే ఇంకా తక్కువ. పైగా మా లోడర్ నడుం దగ్గర వంగుతుంది కదా, తిప్పినప్పుడు వెనక బరువు పక్కకి పోతుంది, తిన్నగా ఉన్నప్పుడు మోసినంత బరువుకి మలుపులో ఒరిగిపోవచ్చు. ఆ రోజు కారు ఎందుకు పడిందో మాకు అక్కడే అర్థమైంది, మా ఆపరేటర్ అయితే చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత కాలిపర్ తీసి ఫోర్కుల మందం కొలిచాడు. 40 మి.మీ. ఉండాల్సింది మూల దగ్గర 35కి అరిగింది. 10 శాతం అరిగితేనే బలం 20 శాతం తగ్గుతుందంట, మార్చేయాల్సిందే. నాలుగేళ్ళుగా రోజూ చూస్తున్న ఫోర్కులు, ఒక్కసారీ కొలవలేదు, ఇది నా తప్పే. ఆ వారమే కొత్తవి వేయించాం.

కార్ల గురించి చెప్పినవి బాగా పనికొచ్చాయి. ఇంజిన్ ముందుంటుంది కాబట్టి ఫోర్కులు సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త ముందు డోర్ వైపు పెట్టాలి, వీలైనంత వెడల్పుగా. చాలా కార్లకి పెట్రోల్ ట్యాంక్ వెనక సీటు కింద ఉంటుంది, ఫోర్కు కొన తగిలితే చిల్లే, అందుకని ముందు పెట్రోల్ తీసేయాలి, బ్యాటరీ వైరు విప్పాలి. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీ ఫ్లోర్ కిందే ఉంటుంది, అడుగున ఫోర్కులు గుడ్డిగా దూర్చొద్దని గట్టిగా చెప్పాడు. లోడుతో నడిపేటప్పుడు నేలకి దగ్గరగా దించి, వెనక్కి టిల్ట్ చేసి పోవాలి, ర్యాంపు దిగేటప్పుడు రివర్స్‌లోనే. లోడర్ ఒరిగితే ఆపరేటర్ దూకకూడదు, బెల్టుతోనే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చోవాలి, దూకినోడి మీదే క్యాబిన్ పడుతుందంట.

నచ్చనిదీ ఉంది. క్లాసంతా తమిళం, హిందీ. మా ఇద్దరు కుర్రాళ్ళకి తెలుగు తప్ప ఏదీ రాదు, ప్రతి ముక్కా నేనే తిప్పి చెప్పాను, ప్రాణాలకి సంబంధించిన మాట ఇలా సగం సగం చేరకూడదు కదా. రెండో రోజు వానకి ప్రాక్టికల్ గంటలో ముగించారు, మిగతాది మళ్ళీ వచ్చి చెప్పలేదు. అందుకే ఐదుకి నాలుగు.

ఇప్పుడు కారు ఎత్తితే హెల్పర్ చెయ్యి వెయ్యడు, తాడు కట్టి దూరంగా, ఆపరేటర్‌కి కనపడేలా నిలబడతాడు, కనపడకపోతే ఆపరేటరే మెషిన్ ఆపేస్తున్నాడు. వచ్చే నెల నైట్ షిఫ్ట్ వాళ్ళకీ పెట్టిస్తున్నాం, ఈసారి తెలుగు వచ్చినాయన్ని పంపమని అడిగాను, సరే అన్నారు.