మిల్ లాక్స్‌లో అక్టోబరు చేపలు, ఒడ్డున కట్టేసిన పడవకు అద్దె

కదలని పడవకు 140 డాలర్లు కట్టి వచ్చాం. ఆ మాట ముందు చెప్పేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు. చేపలు పడ్డాయి, బ్రహ్మాండంగా పడ్డాయి. ఆ సంగతికీ వస్తాను.

మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సు మినియాపొలిస్ నుంచి 169 హైవే మీద ఉత్తరంగా దాదాపు వంద మైళ్లు. రెండు వందల చదరపు మైళ్లకు పైగా నీళ్లు, లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులు దాటదు. దాదాపు గుండ్రంగా ఉంటుంది, మధ్యలో గాలికి అడ్డుపడేదంటూ ఏమీ లేదు. గాలి లేచిందంటే కాసేపట్లోనే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి కొడతాయి. అక్కడికి వెళ్లేవాళ్లు చేపల గురించి ఎంత చదివినా సరే, ఈ గాలి సంగతి తెలియకపోతే డబ్బు వదిలించుకుని వస్తారు.

ఒకప్పుడు ఈ సరస్సు పేరు చెబితే వాలై చేపే. గారిసన్ ఊళ్లో రోడ్డు పక్కనే దాని పెద్ద బొమ్మ కూడా నిలబెట్టారు. తర్వాత వాలై తగ్గింది, దాని మీద నిబంధనలు బిగిశాయి. నీళ్లు తేటపడుతూ వచ్చాయి, 2005లో జీబ్రా మసెల్స్ (నీళ్లని వడగట్టే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాక ఇంకా తేటపడ్డాయి. ఈ మార్పులన్నిటి మధ్యా రాళ్ల మీద హాయిగా పెరిగింది మాత్రం స్మాల్‌మౌత్ బాస్ అనే చేప. 2017లో బాస్‌మాస్టర్ పత్రిక బాస్ చేపలకి అమెరికా మొత్తంలో మొదటి స్థానం ఈ సరస్సుకే ఇచ్చింది. అక్టోబరులో నీళ్లు 50 ఫారెన్‌హీట్ దగ్గరికి దిగేసరికి చేపలు రాళ్ల అంచుల్లో గుంపులు కట్టి, చలికాలానికి సరిపడా మేస్తాయి. ఏడాదిలో లావుపాటి చేపలు పడే రోజులు అవే. మేం పడి చచ్చింది కూడా వాటి కోసమే.

మేం అంటే నేను, మా ఆవిడ, డల్లాస్ నుంచి వచ్చిన బావమరిది, ఆఫీసు మిత్రుడు. రాడ్లు, రీళ్లు, ఎరల పెట్టె అన్నీ మిత్రుడివే. మా ఆవిడని రంగు ఆకుల పేరు చెప్పి బయల్దేరదీశాను. ఆ రంగులు సెప్టెంబరు ఆఖర్లోనే మొదలై అక్టోబరు మొదట్లో అయిపోతాయట. మేం వెళ్లేసరికి చెట్లన్నీ బోడిగా నిలబడి ఉన్నాయి. "ఆకులన్నారు, ఏవీ?" అని ఆవిడ కారు దిగీ దిగకముందే అడిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అడగలేదు, నాకు అదే టెన్షన్.

రిసార్టు దక్షిణపు ఒడ్డున. రెండు గదుల క్యాబిన్ రాత్రికి 189 డాలర్లు, కనీసం రెండు రాత్రులు తీసుకోవాలి, శుభ్రం చేసినందుకు ఇంకో 75. గోడకి జింక తల, హీటర్ వేస్తే కాలిన దుమ్ము వాసన, ఇద్దరు స్నానం చేస్తే మూడో మనిషికి చన్నీళ్లు. ఇవన్నీ సర్దుకుపోయేవే. 16 అడుగుల అల్యూమినియం పడవ, వెనక కూర్చుని నడిపే మోటారు, రోజుకి 140, పెట్రోలు మనదే. డబ్బు ముందే లాగేశారు.

తెల్లారి లేచేసరికి కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. వాయవ్యం నుంచి గంటకి పాతిక మైళ్ల గాలి. అటువైపు గాలి వీస్తే సరస్సు మొత్తం దాటి వచ్చిన అలలు సరిగ్గా దక్షిణపు ఒడ్డునే బాదుతాయి. పడవ డాక్‌కి కట్టేసి ఉంది, ఎగిరెగిరి పడుతోంది. డాక్ మొదట్లో ఒక చెక్క బోర్డు: గాలి 20 మైళ్లు దాటితే అద్దె పడవలు తీయకూడదు. ఎవరూ కాదనని మాటే. ఆఫీసుకి వెళ్లి, అయితే ఈ రోజు అద్దె వెనక్కి ఇస్తారా, లేకపోతే రేపటికి మారుస్తారా అని అడిగాను.

కౌంటర్ దగ్గరున్నావిడ కాఫీ కలుపుకుంటూనే, "పడవ డాక్ దగ్గరే ఉంది కదా, మేం ఎవరికీ ఇవ్వలేదు" అంది.

"మీ బోర్డే తీయొద్దంటోంది."

"అది మీ క్షేమం కోసం పెట్టింది."

"మరి డబ్బు?"

"పడవ మీ కోసం ఆపి ఉంచాం. దానికి."

రేపటికి మార్చడం కుదరదా అంటే రేపు వేరేవాళ్లు బుక్ చేసుకున్నారంది. ఆ రోజు ఆ రిసార్టులో మా కారు కాకుండా ఉన్నది ఇంకొక్కటే, అదీ వాళ్లదే. మా మిత్రుడు అసలే మెత్తటి మనిషి, పోనీలే అంటూ నన్ను బయటికి లాక్కొచ్చాడు. బావమరిది మాత్రం ఆ సాయంత్రం దాకా, కనబడిన ప్రతి అలనీ చూపించి "బావా, ఇది మన డబ్బే" అంటూనే ఉన్నాడు. మేనల్లుళ్లు వెంట లేరు కాబట్టి బతికిపోయాను, లేకపోతే వాళ్లూ అందుకునేవాళ్లు.

పోయిన రోజుని కాస్త దక్కించింది భోజనం. మధ్యాహ్నం రోడ్డు పక్కన ఓ చిన్న కేఫ్‌లో వైల్డ్ రైస్ సూప్ తాగాం, గిన్నె 7 డాలర్ల 95 సెంట్లు. పేరుకి రైస్ అంటారు గానీ అది మన వరి కాదు, లోతు తక్కువ నీళ్లలో పెరిగే గడ్డి గింజ. అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే వాళ్లు తరతరాలుగా పడవల్లో వెళ్లి కర్రలతో రాల్చుకొస్తారు. నల్లగా, పొడుగ్గా, ఉడికాక చివర్లు విచ్చుకుని, నమిలితే కాస్త పొగ వాసన వస్తుంది. చికెన్, క్రీము వేసిన సూప్‌లో అది అంత బాగుంటుందని నేననుకోలేదు. మా ఆవిడ ఇంకో గిన్నె తెప్పించుకుంది, ఆ రోజు మొదటిసారి నాతో మామూలుగా మాట్లాడింది. బయటికొస్తూ అరకిలో గింజలు కూడా కొంది. (శాకాహారులు ముందే అడగండి, చాలాచోట్ల చికెన్ వేసే వండుతారు.)

మర్నాటికి గైడు. మగవాళ్లం ముగ్గురికీ కలిపి రోజంతా 600 డాలర్లు, మేం ఇచ్చిన టిప్పు 100. బుక్ చేసేటప్పుడు ఎక్కువనిపించింది. ముందురోజు రాత్రి ఆయనే ఫోన్ చేసి, "రేపూ వాయవ్యం గాలే, కాకపోతే తగ్గుతుంది. మీరు పడమటి ఒడ్డుకి రండి, అక్కడ చెట్ల చాటు ఉంటుంది. తగ్గకపోతే మానేద్దాం, పైసా ఇవ్వక్కర్లేదు" అన్నాడు. తేడా అంతా ఇక్కడే ఉంది. ఆయన పడవ ట్రైలర్ మీద ఉంటుంది, గాలిని బట్టి ఏ ఒడ్డునైనా దింపుతాడు. రిసార్టు పడవ ఆ డాక్ దాటి పోదు. శరదృతువులో చలిగాలులు ఎక్కువగా వాయవ్యం నుంచే దిగుతాయి కాబట్టి, ఈ సరస్సుకి వెళ్లేవాళ్లు బస పడమట గానీ ఉత్తరాన గానీ చూసుకోవాలి. ఫొటోల్లో దక్షిణపు ఒడ్డు ఎంత అందంగా ఉన్నా సరే.

లంగరు లేకుండానే జీపీఎస్‌తో పడవని ఒకే చోట నిలబెట్టే మోటారు ఆయనది. పదిహేను, ఇరవై అడుగుల లోతులో రాళ్లు అయిపోయి ఇసుక మొదలయ్యే అంచు మీద ఆపాడు. అంతకన్నా బాగా లోతుకి వెళ్లడు. మరీ లోతు నుంచి పైకి లాగితే చేప గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా బతకడం కష్టం. గోధుమ రంగు ట్యూబ్ ఎర ఇచ్చి, అడుగున మెల్లగా ఈడ్వమన్నాడు. రాయికి తగిలితే టకటకమని చేతికి తెలుస్తుంది. చేప అందుకుంటే ఏ చప్పుడూ లేదు, లైన్ చివర తడిగుడ్డ చుట్టుకున్నట్టు మెత్తటి బరువు, అంతే. అది పోల్చుకోవడం మా మిత్రుడికి వెంటనే వచ్చింది, నాకు చాలాసేపు పట్టింది.

అందరిలోకీ పెద్దది బావమరిదికే పడింది. రెండుసార్లు నీళ్లపైకి ఎగిరి, పడవ కిందకి దూరి, చివరికి వలలోకి వచ్చింది. 20 అంగుళాలు, ఐదు పౌన్లకి కొంచెం తక్కువ. ఇత్తడి రంగు ఒళ్లు, పక్కల నిలువు చారలు, ఎర్రటి కళ్లు. పొట్ట ఎంత నిండి ఉందంటే, కొలబద్ద మీద పెట్టగానే నారింజ రంగు డెక్కున్న క్రేఫిష్ (పీత డెక్కలుండే రొయ్యలాంటిది) ముక్కని కక్కింది.

"బావా, దీన్ని నిజంగా వదిలేయాలా?" అన్నాడు బావమరిది, పుట్టుకతో భీమవరం కుర్రాడు. క్యాబిన్లో చింతపండు, కారం సిద్ధంగా పెట్టుకుని వచ్చాడు మరి. ఈ చలినీళ్లలో అంత అవ్వాలంటే పదేళ్ల పైనే పడుతుందని గైడు చెప్పాక, ఫొటో దిగి తనే వంగి నీళ్లలోకి వదిలాడు. పులుసు ఆ రాత్రి సూపర్‌మార్కెట్ టిలాపియాతో అయింది.

లైసెన్సు సంగతి: మేం వెళ్లినప్పుడు మిన్నెసోటాలో ఉండేవాళ్లకి ఏడాదికి 25 డాలర్లు, బావమరిదికి 72 గంటలది 36 ఉండేది, పైన సర్వీసు చార్జీ. ఫోన్లోనే తీసుకోవచ్చు. ఎంత సైజు, ఎన్ని ఉంచుకోవచ్చు అన్న రూల్సు ఈ సరస్సుకి వేరుగా ఉంటాయి, మారుతూ ఉంటాయి. వెళ్లే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) సైటులో చూసుకోండి. చేతి తొడుగులు రెండేసి జతలు పెట్టుకోండి, ఒక జత మొదటి చేపకే తడుస్తుంది.

ఇంటికొచ్చాక రిసార్టుకి బోర్డు ఫొటో, గాలి వివరాలు, బిల్లు కలిపి మెయిల్ పెట్టాను. వారం తర్వాత జవాబొచ్చింది. డబ్బు వెనక్కి ఇవ్వలేరట, కానీ మా మీద గౌరవంతో పడవ అద్దె మీద 20 శాతం తగ్గింపు కూపన్ పంపారు. ఏప్రిల్ 30 దాకా చెల్లుతుంది. ఆ సరస్సు మీద మంచు కరిగేదే మామూలుగా ఏప్రిల్ ఆఖర్లో.