పదేళ్ళు దాటిన 750 వాట్ల మిక్సీ: ఏది ముందు పోతుంది, ఎంతవుతుంది

మాది మూడు జార్ల మిక్సీ. రోజూ పచ్చళ్ళు, అల్లం వెల్లుల్లి. వారానికోసారి దోసెల పిండి, అప్పుడప్పుడు కందిపొడి, కారప్పొడి. పదేళ్ళు దాటినా మోటారు మొదటిదే. కొన్నప్పుడు 3,500 చిల్లర అయింది. ఆ తర్వాత మార్చినవన్నీ చిన్న సామాన్లే, అన్నీ కలిపి 2,000 లోపు.

అందరూ మోటారు గురించి అడుగుతారు గానీ, ముందు పోయేది జార్ అడుగున ఉండే బుష్. బ్లేడు ఇరుసు తిరిగేది అందులోనే. ఉప్పు, చింతపండు పులుపు సందుల్లోకి దిగి దాన్ని తినేస్తాయి. జార్ బోర్లించి, అడుగు కప్లర్ (మోటారు తిప్పుడును బ్లేడుకు అందించే పళ్ళ బిళ్ళ; జార్ కింద ఒకటి, మోటారు మీద ఒకటి ఉంటాయి) పట్టుకుని కదిపి చూడండి. పైకీ కిందికీ రవ్వంత కదిలితే ఫరవాలేదు, పక్కలకు ఊగితే బుష్ అరిగినట్టే. జార్ కింద నల్లటి జిడ్డునీళ్ళు కనిపించినా అదే అర్థం. ఆ నీళ్ళు కప్లర్ మీదుగా మోటారులోకి దిగి బేరింగును తుప్పు పట్టిస్తాయి. బుష్ మార్పించడానికి మా దగ్గర 150 నుంచి 250 అవుతుంది. దాన్ని వాయిదా వేస్తే మోటారు విప్పాల్సి వస్తుంది, చాలా మిక్సీలు చచ్చేది ఇలాగే.

పచ్చడి తీయగానే జార్‌లో గ్లాసు నీళ్ళు పోసి కొన్ని సెకన్లు తిప్పి కడిగేయాలి. రాత్రంతా సింకులో నానబెట్టకూడదు. ఆరబెట్టేటప్పుడు బోర్లిస్తే అడుగు గుంటలో నీరు నిలుస్తుంది, పక్కకు పడుకోబెట్టడం మేలు.

జార్ లోపలి బ్లేడు తిరగక మోటారు మాత్రం గరగరలాడుతుంటే కప్లర్ పళ్ళు పోయాయి. కంగారు పడక్కర్లేదు. బ్లేడు బిగుసుకుపోయినప్పుడు మోటారు మీద భారం పడకుండా ముందు తెగేది అదే. ధర 50 నుంచి 100. ప్లగ్గు తీసేసి, కింద నుంచి మోటారు ఇరుసు కదలకుండా పట్టుకుని, పై కప్లర్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే చాలా మోడళ్ళలో ఊడివస్తుంది (దాని మరలు మామూలుకు ఎదురు దిశలో ఉంటాయి). జార్ కిందది కూడా అరిగి ఉంటే రెండూ ఒకేసారి మార్చాలి, లేకపోతే పాతది కొత్తదాన్ని కొరికేస్తుంది. మోడల్ పేరు చెప్పి కొనండి. సరిగ్గా కుదరని కప్లర్ అదురు పుట్టించి బుష్‌ను కూడా పాడు చేస్తుంది.

అడుగున ఉండే రేటింగ్ పట్టీ చదవండి. చాలా వాటిలో 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపమని ఉంటుంది. పిండి రుబ్బేటప్పుడు అందరూ మరిచేది ఇదే. గట్టి పిండికి నీళ్ళు తక్కువైతే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. సగం తీసేసి, పావుగంట చల్లారనిచ్చి, కింది ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది. జార్ సగానికి మించి నింపకండి. మొదలెప్పుడూ 1వ స్పీడులోనే. ఎండు పసుపు కొమ్ములు మాత్రం పిండిమరకే పంపండి, వాటిని ఇందులో వేయడం దండగ.

గాలి సందుల్లోంచి చూస్తే చిన్న నీలి మెరుపులు మామూలే. నారింజరంగు నిప్పురవ్వలు చుట్టూ తిరుగుతుంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. జత వందలోపు దొరుకుతుంది, ఆలస్యం చేస్తే ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) మీది రాగి పట్టీలకు గాట్లు పడతాయి.

అమెరికా తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట: అక్కడి కరెంటు 120 వోల్టులు. ఇక్కడి 230 వోల్టుల మిక్సీకి కనీసం 1,500 వాట్ల స్టెప్ అప్ (వోల్టేజీ పెంచే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది బరువూ ఖర్చూ. మన కంపెనీలవే అక్కడి కరెంటుకు సరిపోయే 110 వోల్టుల మోడళ్ళు అక్కడే దొరుకుతాయి, అవే కొనుక్కోండి.

కొత్తది కొనేవాళ్ళు వాట్లకంటే ముందు రెండు అడగండి: వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) పూర్తి రాగిదేనా, కప్లరూ బుష్షూ మీ ఊరి షాపులో దొరుకుతాయా. రెండోదానికి జవాబు లేకపోతే ఐదేళ్ళ మోటారు వారంటీ ఉన్నా నేను కొనను.

కాలిన వాసన వచ్చి ఆర్మేచర్ పోయిందంటే 800 నుంచి 1,200 అడుగుతారు. జార్లు బాగుండి ఫీల్డ్ కాయిల్ (ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్ట) నల్లబడకపోతే కొత్త ఆర్మేచర్ వేయించవచ్చు. రెండూ మాడిపోయి ఉంటే మోటారు వదిలేసి, జార్లు సరిపోయే అదే మోడల్ మెషీన్ ఒక్కటే దొరుకుతుందేమో వాకబు చేయండి.