ఏళ్లుగా ఆర్ఎక్స్-8 నడిపిన మాట: రోజూ తీసేవాడికే ఈ బండి

ముందే చెప్పేస్తున్నా, మాజ్డా ఆర్ఎక్స్-8 కారు రోజూ నడిపేవాడికి మంచి బండి, మూల పెట్టేవాడికి తలనొప్పి. నేను రెండూ చూశాను.

మన దేశంలో కంపెనీ దీన్ని ఎప్పుడూ అమ్మలేదు. 2003 నుంచి 2012 దాకా తయారైంది, ఇక్కడ కనిపించేవన్నీ బయటి నుంచి తెప్పించుకున్నవే, నాది కూడా చేతులు మారి వచ్చిందే. ఇందులో పిస్టన్లు, వాల్వులు ఉండవు. మూడు మూలలున్న రోటర్లు రెండు తిరుగుతాయి, అందుకే దీన్ని రోటరీ ఇంజిన్ అంటారు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308. ఇంత చిన్న ఇంజిన్ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లేటప్పుడు కాజ టోల్‌గేట్ దాటాక మూడో గేర్‌లో 9000 ఆర్‌పీఎం వైపు పరిగెడుతుంటే వణుకే ఉండదు, ఆ సుఖం తెలిసినవాడు మైలేజీ గురించి అడగడు. అడిగితే చెప్తా, ఊళ్లో లీటరుకి ఆరేడు కిలోమీటర్లు. ఇంజిన్ ఆయిల్ కూడా తాగుతుంది. అది రోగం కాదు, రోటర్ అంచుల్లో సందు లేకుండా మూసే సీల్స్ అరగకుండా కొంచెం ఆయిల్‌ని లోపలికి చిమ్ముకునేలా కంపెనీవాళ్లే చేశారు. రెండు ట్యాంకుల పెట్రోలుకి ఒకసారైనా ఆయిల్ స్టిక్ తీసి చూసుకోవాలి, అంతే.

అసలు కథ స్టోరేజీది. ఉద్యోగం మీద నేను వేరే రాష్ట్రం వెళ్లినప్పుడు బండి రెండేళ్లకి పైనే బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండిపోయింది. మా బావమరిది పాపం మంచికే వచ్చి సెల్ఫ్ కొట్టి, అర నిమిషం ఉంచి ఆపేసి వెళ్లేవాడట. మామూలు కారుకైతే బ్యాటరీ కొంచెం దిగడం తప్ప పెద్ద నష్టం ఉండదు. రోటరీకి మాత్రం ఇంతకంటే చెడ్డ పని ఇంకోటి లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, వేడెక్కకముందే ఆపేస్తే అది లోపలే ఉండిపోయి రోటర్ మూలల్లో ఉండే సీల్స్ మీది ఆయిల్ పొరని కడిగేస్తుంది. ఆ పొర పోతే కంప్రెషన్, అంటే లోపల గాలీ పెట్రోలూ నొక్కుకునే ఒత్తిడి, పోయినట్టే. పైగా ప్లగ్గులు తడిసిపోతాయి. నేను వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది గానీ బండి అందుకోవట్లేదు. "వారం వారం తిప్పుతూనే ఉన్నా కదా బావా, ఎందుకు పోద్ది?" అన్నాడు.

చూడ్డానికి వచ్చిన మొదటి మెకానిక్ బానెట్ ఎత్తి, "రింగులు పోయాయి సార్, బోరు చేయించాలి" అన్నాడు. పిస్టనే లేని ఇంజిన్‌కి రింగులు ఎక్కడ దొరుకుతాయో మాత్రం చెప్పలేదు.

ఇక్కడ చెవి పెట్టి వినడం నేర్చుకోవాలి. బాగున్న రోటరీ సెల్ఫ్ కొట్టినప్పుడు "వుఫ్, వుఫ్, వుఫ్" అని సమానంగా దెబ్బలు వినిపిస్తాయి. నాది ఆ దెబ్బలేవీ లేకుండా "వీఈఈ" అని ఒకే ఊపున తిరుగుతోంది. అంటే కంప్రెషన్ లేదు, ఇంకా సెల్ఫ్ కొట్టుకుంటూ పోతే స్టార్టర్ కాలిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

ముందు బ్యాటరీ మార్చాను. ఈ ఇంజిన్‌కి సెల్ఫ్ వేగంగా తిరగడం చాలా ముఖ్యం, మొదట్లో వచ్చిన బండ్ల స్టార్టర్లు కొంచెం బలహీనం కూడా. తర్వాత పాత పెట్రోలు మొత్తం లాగేయించాను. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీల్చుకుంటుంది, రెండేళ్లు నిలవున్నదాన్ని నమ్మి కొత్తది పైన పోయడం దండగ. వెనక సీటు కింద పంప్ పనిచేస్తోందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.

ముందు ఎడమ చక్రం విప్పితే ప్లగ్గులు అందుతాయి, నాలుగు ఉంటాయి. కింద రెండూ లీడింగ్ (ముందు మండించేవి), పైన రెండూ ట్రైలింగ్ (వెనక మండించేవి), ఇవి వేరు వేరు రకాలు, ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు, వైర్లు తారుమారైనా బండి స్టార్ట్ అవ్వదు. బయటికి తీస్తే నాలుగూ నల్లగా, పెట్రోలు కంపు కొడుతూ కారుతున్నాయి. పంప్ ఫ్యూజు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడితే లోపలున్న పెట్రోలు తుంపరలుగా బయటికొచ్చింది. దగ్గర్లో నిప్పు లేకుండా, ప్లగ్ వైర్లు పక్కకి పెట్టి చేయాల్సిన పని ఇది. తర్వాత లీడింగ్ రంధ్రాల్లోంచి సిరంజితో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ వేసి, ముందున్న పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పాను. షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితేగానీ రోటర్ ఒక చుట్టు తిరగదు, కాబట్టి మూడు వైపులకీ ఆయిల్ తగలాలంటే ఓపిక పట్టి మూడు చుట్లూ తిప్పాల్సిందే. ముక్కీ మూలిగీ తిరిగింది, ఎక్కడా పట్టేయలేదు. నాకు టెన్షన్ సగం అక్కడే పోయింది.

కొత్త ప్లగ్గులు, ఫ్యూజు పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాను, అలా తొక్కినప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. "వుఫ్, వుఫ్" మళ్లీ వినిపించింది. కాలు కొంచెం వదలగానే దగ్గి దగ్గి అందుకుంది. వేసిన ఆయిలంతా కాలి సెల్లార్ నిండా తెల్లటి పొగ. పై ఫ్లోర్ ఆంటీ దోమల మందు బండి వచ్చిందనుకుని కిటికీలన్నీ మూసేసుకున్నారట. బాగా వేడెక్కేదాకా ఆపకుండా ఉంచి, వెంటనే హైవే మీదకి తీసుకెళ్లాను.

అప్పట్నుంచి బానే ఉంది. నా లెక్కలో ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ ఇందులో బలహీనమైన భాగం, ఒక్కటి పోయినా మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, కాబట్టి మిస్సింగ్ మొదలైతే రేపు చూద్దాంలే అనుకోవద్దు. కారుని గేటు లోపల్నుంచి బయటికి జరపడానికి స్టార్ట్ చేసే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని కొనొద్దు, నేనైతే గేర్ తీసి తోసేస్తాను.

సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా ఇస్తామంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూపిస్తే పొంగిపోకండి. బాగా తిప్పి తెచ్చి, వేడి మీద ఆపి, ఓ పది నిమిషాలాగి మళ్లీ కొట్టమనండి. అప్పుడు మొరాయిస్తే కంప్రెషన్ మీద అనుమానం పడాల్సిందే. కంప్రెషన్ కొలవడానికి రోటరీకి వేరే మీటర్ ఉంటుంది, మామూలు గేజ్ రోటర్ మూడు వైపుల్లో ఎక్కువున్నదే చూపిస్తుంది. గేజ్‌లోని చిన్న వాల్వు పీకేసి పెడితే ముల్లు మూడుసార్లు ఎగురుతుంది, ఆ మూడూ సమానంగా లేకపోతే ఇంజిన్ విప్పే ఖర్చు ధరలోంచి తగ్గించి బేరమాడండి.