జర్మన్ల ఇంట క్రిస్మస్: 24 మధ్యాహ్నానికల్లా గుమ్మం ఎక్కాలి

మనకు క్రిస్మస్ అంటే 25. జర్మనీలో అసలు పండగ 24 సాయంత్రమే. దాన్ని వాళ్లు ‘హైలిగాబెండ్’ అంటారు. ఇది తెలియక 25 పొద్దున దిగేలా టికెట్ కొంటే, చేరేసరికి కానుకలు విప్పడం అయిపోయి ఉంటుంది, ఊరు ఊరంతా తలుపులు మూసుకుని ఉంటుంది. 24న మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు కట్టేస్తారు. 25, 26 రెండూ సెలవులే. 2026లో అయితే 27 ఆదివారం పడింది. అంటే 24న మూసిన సూపర్‌మార్కెట్ మళ్లీ 28 సోమవారమే తెరుస్తుంది. ఆ మూడున్నర రోజులూ ఎవరింట్లోనైనా అతిథిగా ఉంటేనే జర్మనీ బాగుంటుంది. హోటల్ గదిలో ఉంటే బ్రెడ్డు కోసం పెద్ద రైల్వే స్టేషన్‌లోని దుకాణానికో పెట్రోల్ బంకుకో నడవాలి. యూత్ హాస్టళ్లు చాలావరకు ఆ రోజుల్లో మూసే ఉంటాయి.

అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు పండక్కి పిలిచే కుటుంబం కోసం విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో, చర్చిల విద్యార్థి సంఘాల్లో నవంబరు మొదట్లోనే అడగాలి. డిసెంబరు మధ్యలో అడిగితే ఆలస్యమైనట్టే. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా (ఐరోపాలో చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) కావాలి. రుసుము 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గని ఆరోగ్య బీమా, పిలిచినవాళ్ల ఆహ్వాన పత్రం. ఖర్చు ఆతిథ్యమిచ్చేవాళ్లే భరిస్తామంటే వాళ్ల ఊరి విదేశీయుల కార్యాలయంలో ‘ఫెర్‌ఫ్లిష్టుంగ్స్ ఎర్‌క్లేరుంగ్’ అనే హామీ పత్రం రాసివ్వాలి. దానికి ముందే అపాయింట్‌మెంట్ దొరకాలి, చాలా ఊళ్లలో ఆలస్యమయ్యేది అక్కడే. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వొచ్చు కాబట్టి సెప్టెంబరులో కదిలితే మంచిది.

క్రిస్మస్ సంతలన్నీ 24కు ముందే చూసేయాలి. న్యూరెంబర్గ్, డ్రెస్డెన్ సంతలు 24 మధ్యాహ్నంతో సరి, కొలోన్ కెథడ్రల్ దగ్గరి సంత 23తోనే ముగుస్తుంది. బెర్లిన్‌లో కొన్ని మాత్రం 26 తర్వాత కూడా నడుస్తాయి. ఒక్కటే చూసే వీలుంటే డ్రెస్డెన్‌కు నా ఓటు. 1434 నుంచి ఉన్న సంత అది, ష్టోలెన్ అనే ఎండుద్రాక్షల రొట్టెకు పెట్టింది పేరు. న్యూరెంబర్గ్‌కు పేరెక్కువ, శని ఆదివారాల సాయంత్రం రద్దీ ఇంకా ఎక్కువ. వారం మధ్యలో మూడింటికి చేరితే ఎండా దీపాలూ రెండూ దక్కుతాయి, ఎందుకంటే నాలుగుంపావుకే పొద్దు కుంకుతుంది. అక్కడ బన్నులో మూడు చిన్న సాసేజ్‌లు పెట్టిస్తారు, అవి పంది మాంసమే. వేడి వైన్ ఇచ్చే కప్పుకు మూడు నుంచి ఐదు యూరోల డిపాజిట్ అదనం. కప్పు తిరిగిచ్చి డబ్బు తీసుకోవాలి, ముచ్చటపడితే ఉంచేసుకోవచ్చు. మందు వద్దంటే ‘కిండర్‌పున్ష్’ అనడగాలి.

రైలు విషయంలో 22, 23 తేదీలు మన సంక్రాంతి ముందు సికింద్రాబాద్ స్టేషన్‌లాంటివే. చౌకగా దొరికే ‘స్పార్‌ప్రైస్’ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలెక్కొచ్చు. గంట దాటితే పావు వంతు, రెండు గంటలు దాటితే సగం డబ్బు వెనక్కి వస్తుంది. సీటు రిజర్వేషన్ విడిగా చేసుకోవాలి, లేకుంటే నిలబడే ప్రయాణం. దేశమంతటా లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ (2026 నుంచి నెలకు 63 యూరోలు) దూరప్రయాణపు ఐసీఈ, ఐసీ రైళ్లలో చెల్లదు. పైగా అది చందా. నెలలో 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసేస్తారు. 24 సాయంత్రం నుంచి బస్సులు, ట్రాములు బాగా తగ్గిపోతాయి. ఏ రకంగా చూసినా ఒంటిగంటకల్లా ఇల్లు చేరడమే క్షేమం.

ఆ సాయంత్రం సాధారణంగా చర్చి ప్రార్థన, తర్వాత తేలికపాటి భోజనం, ఆపైన చెట్టు కింద కానుకలు. భోజనం చూసి తెల్లబోవద్దు: చాలా ఇళ్లలో బంగాళాదుంప సలాడ్, ఉడికించిన సాసేజ్, అంతే. బాతుదో పెద్దబాతుదో వేపుడు, ఎర్ర క్యాబేజీ, దుంప ముద్దలు 25 మధ్యాహ్నం వస్తాయి. శాకాహారులు ముందే వివరంగా చెప్పాలి. ‘మాంసం తినం’ అన్నంత మాత్రాన పని కాదు. దక్షిణాన బంగాళాదుంప సలాడ్‌లో మాంసపు రసం పోస్తారు, ఎర్ర క్యాబేజీని కొవ్వులో వండుతారు, మెత్తటి మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, ష్టోలెన్‌లో ద్రాక్షల్ని రమ్ములో నానబెడతారు. కుకీల్లో చాలావాటిలో గుడ్డు ఖాయం.

కానుకగా పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలో, కాగితం విప్పి ఇవ్వాలి. ఎర్ర గులాబీలు ప్రేమికులకు, తెల్ల లిల్లీలు చావుకు. ఇంటి నుంచి నెయ్యి, మాంసం పచ్చడి, తాజా కరివేపాకు పట్టుకెళ్లకండి. ఐరోపా కస్టమ్స్‌లో పాల, మాంస పదార్థాలు నిషేధం, ఆకులకు మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. ఒకపూట మనమే వండుతామంటే పులిహోర సరైన ఎంపిక. ఆరుగురికి అరకిలో బియ్యం, రెండు నిమ్మకాయలంత చింతపండు, మిరపకాయలు సగానికి సగం, వేరుశెనగ వేసే ముందు ఎవరికైనా అలర్జీ ఉందేమో అడగాలి. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి వంటింటి తలుపు మూయండి. ఎండుమిర్చి మాడితే పొగ అలారం మోగుతుంది, హాల్లో తగిలించిన ఉన్ని కోట్లకు వాసన పట్టేస్తుంది.

మనవాళ్లు ఇబ్బందిపడేది, ఇబ్బందిపెట్టేది ఎక్కువగా స్నానాల గదిలోనే. చాలా ఇళ్లలో నేల మీద తూము ఉండదు. షవర్ తెర దాటి నీళ్లు పడితే కింది ఇంటి పైకప్పు తడుస్తుంది. టాయిలెట్‌లో నీళ్ల గొట్టం ఉండదు కాబట్టి ఒక సీసా దగ్గరుంచుకోవాలి. స్నానం అయ్యాక ఐదు పది నిమిషాలు కిటికీ బార్లా తెరవాలి, లేకుంటే గోడలకు బూజు. అప్పుడు హీటర్ మీట తగ్గించడం మరవొద్దు. రాత్రి పదింటి తర్వాతా, ఆదివారాలూ, సెలవుల్లోనూ వాషింగ్ మెషిన్ వేయరు. చెప్పులు గుమ్మం దగ్గరే వదలాలి, ఇది మనకు కొత్తేం కాదు. ‘మీరు’ను ‘నువ్వు’గా మార్చే మాట పెద్దవాళ్ల నోటి నుంచే రావాలి, అది కూడా మనకు తెలిసిందే.

ఒంట్లో బాగోకపోతే సెలవుల్లో డాక్టరు కోసం 116117కు, ప్రాణం మీదికొస్తే 112కు ఫోన్ చేయాలి. మందుల షాపులు వంతులవారీగా ఒకటి తెరిచి ఉంచుతారు. వేళకాని వేళ తలుపు తడితే 2.50 యూరోలు అదనం.

ఎన్నాళ్లుండాలంటే, 23 నుంచి 27 వరకు సరిపోతుంది. 28న బయల్దేరితే రైళ్లు కాస్త తేలికవుతాయి. బవేరియాలాంటి కొన్ని రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మాత్రం జనవరి 6 కూడా సెలవేనని గుర్తుంచుకుని 5నే సరుకులు కొనుక్కోవాలి. ఆ రోజుల్లో రాజుల వేషం వేసుకున్న పిల్లలు పాడుతూ ఇంటింటికీ వచ్చి, గుమ్మం మీద సుద్దతో దీవెన రాసి చందా అడుగుతారు. జేబులో కొన్ని నాణేలుండాలి.